గోడ మీద సున్నం చుక్కలు

పెద్దమ్మ పెద్దకర్మకి పొందూరు వెళ్లాను. పెద్ద పండగ వెళ్లి ఇంకా పది రోజులు కాలేదు, వీధిలో ముగ్గుల రంగులు పూర్తిగా చెరగలేదు. భోజనాలయ్యాక చుట్టాలంతా చాపల మీద నడుం వాల్చారు. అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, అటక మీంచి ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా దించి నా ముందు పెట్టాడు.

"ఇది నీకిమ్మని చెప్పింది" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడ దూర్చి పైకెత్తితే ముందుగా వాసన వచ్చింది. పాత దూది, ఆముదం కలిసిన వాసన. ఎన్నేళ్లయిందో ఆ వాసన తగిలి. ఒక్క క్షణం చెవిలో రాట్నం తిరిగింది.

డబ్బాలో రెండు చిలపల నూలు, అరిగిపోయిన కదురు, ఎండిన అరటి డొప్పలో చుట్టిన నాలుగైదు ఏకులు, గుప్పెడు గింజపత్తి ఉన్నాయి. అట్టడుగున, పాత చీర ముక్కలో మూటగట్టిన వాలుగ చేప దవడ ఎముక ఉంది. ఆ దవడని చేతిలోకి తీసుకున్నాక నాకు ఏడుపు ఆగలేదు. పదకొండు రోజులుగా రాని ఏడుపు.

* * *

మా నాన్నగారికి బదిలీల ఉద్యోగం. నన్ను ఐదో తరగతి దాకా అమ్మమ్మగారింట్లోనే ఉంచారు. పెద్దమ్మకి చిన్న వయసులోనే పెదనాన్న పోవడంతో ఆమె కూడా అక్కడే ఉండేది. పెంకుటిల్లు, మధ్యలో నడవ, వెనక పెరడు, పెరట్లో బావి, మునగచెట్టు. అప్పట్లో మా వీధిలో దాదాపు ఇంటికో రాట్నం ఉండేది.

తెల్లారగట్ల నాకు మెలకువ వచ్చేది కోడికూతకి కాదు, రాట్నానికి. పెద్దమ్మది ఒంటి కదురు రాట్నం, చక్రానికి ఇరవై నాలుగు ఆకులు. అది ఒకేలా మోగేది కాదు. ఆముదం చుక్క పడ్డ రోజున గుయ్యిమని తుమ్మెద తిరిగినట్టు ఉండేది. నూనె ఆరితే కీచుమని గోల పెట్టేది. మధ్యలో శబ్దం ఠక్కున ఆగితే పోగు తెగిందని దుప్పట్లో ఉన్న నాకు తెలిసిపోయేది. మళ్లీ మొదలయ్యేదాకా నేనూ ఊపిరి బిగబట్టుకుని ఉండేదాన్ని. రెండు అంకెలు లెక్కపెట్టేలోపు అతికేసేది. జ్వరం వచ్చిన రోజున మాత్రం ఐదు అంకెల దాకా పట్టేది. పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదని అమ్మమ్మ కంటే ముందు నాకే తెలిసేది.

"తెగిపోతే కోపం రాదేటి పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"కోపమెందుకే గుంటా. ఎక్కడ తెగిందో సూసుకోవాలి గానీ" అంది, చక్రం మీంచి చెయ్యి తియ్యకుండానే.

* * *

పొందూరు సన్నఖాదీ గురించి చాలామందికి తెలుసు. గాంధీగారు మెచ్చిన గుడ్డ మా ఊరిదని పెద్దవాళ్లు చెప్పుకొని మురిసేవారు. కానీ ఆ నూలు వెనక ఉన్న పని దగ్గర కూర్చుని చూసినవాళ్లు తక్కువ. నేను చూశాను కనక చెప్తాను.

మిల్లుల్లో వాడే పొడుగు పింజ పత్తి కాదు మాది, కొండపత్తి. పింజ, అంటే దూది పోగు, పొట్టిగా ఉంటుంది, పట్టుకుంటే పిల్లి చెవి వెనకాల బొచ్చులా మెత్తగా ఉంటుంది. ఆ దూది గింజని అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక్కో గింజనీ ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవాలి. కుడిచేత్తో వాలుగ దవడ పట్టుకుని, గింజ దగ్గర ఆనించి, మెల్లిగా బయటికి లాగాలి. ఆ దవడ మీద పళ్లు సన్నగా, ఒత్తుగా, సూదిమొనల్లా ఉంటాయి. ఒకవైపు నిమిరితే వేలికి జారిపోతాయి, రెండోవైపు నిమిరితే గుచ్చుకుంటాయి. మొదటి లాగుకి ఆకుపొడి, నలక రాలిపోతాయి. రెండో లాగుకి చిక్కు విడుతుంది. మూడో లాగుకి పింజలన్నీ, తలంటుపోసి దువ్విన చంటిపిల్ల జుట్టులా, ఒకే వైపు ఒరిగిపోతాయి. ఆ గింజ పక్కన పెట్టి ఇంకోటి. అది పెట్టి ఇంకోటి. బుట్టెడు పత్తిలో ఎన్ని వేల గింజలుంటాయో ఆలోచించండి.

ఆ దవడలు గోదావరి జాలర్ల దగ్గర్నుంచి వచ్చేవి. పొడుగాటి మీసాల చేప, నోరు పెద్దది. కొండ మీద కాసిన పత్తిని దువ్వడానికి గోదారిలో తిరిగిన చేప పళ్లు కావలసి రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎవరు కనిపెట్టారో, ఏ ఇల్లాలు చేపని శుభ్రం చేస్తూ ఆ పళ్లని వేలితో నిమిరి చూసుకుందో!

"తల దువ్వెన పెట్టకూడదా?" అన్నాను ఒకరోజు.

"పెట్టి సూడు."

చూశాను. దూది మొత్తం ముద్దగా ఊడి దువ్వెనకి చుట్టుకుపోయింది. పెద్దమ్మ తిట్టలేదు. ఆ ముద్దని జాగ్రత్తగా విడదీసి, సాయంత్రం దీపంలోకి ఒత్తులు చేసుకుంది. ఆమె చేతిలో పోగు కూడా వృథా అయ్యేది కాదు.

ఆ తరవాత దూదిని పీట మీద పెట్టి కడ్డీతో దొర్లిస్తే గింజ పుటుక్కున పక్కకి జారేది. ఆ పుటుక్కుపుటుక్కులు వింటూ నేను ఎక్కాలు చదువుకునేదాన్ని. విల్లుతో దూదిని గుల్లగా ఏకడం, వడకడానికి ఏకులుగా చుట్టడం, వాటిని అరటి డొప్పలో దాచడం, అన్నీ అయ్యాకే రాట్నం ముందు కూర్చునేది.

వందో నంబరు నూలు అనేవారు. పెద్దయ్యాక ఆ లెక్కేమిటో తెలుసుకున్నాను. నూలు చిలప అంటే 840 గజాలు. పౌను బరువుకి అలాంటి చిలపలు 100 తూగితే అది వందో నంబరు. అంటే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. పొందూరు స్టేషన్ దగ్గర ఒక కొస పట్టుకుని పట్టాల వెంట పరుచుకుంటూ పోతే విజయనగరం దాటిపోతుంది. అరకిలో కూడా లేని దూదిలోంచి అంత దారం. అదంతా మా పెద్దమ్మ వేళ్ల మధ్య నుంచే నడిచింది.

* * *

నూలు వడికేవాళ్లకి గాలి సంగతి తెలియాలి. ఎండాకాలం పడమటి గాలి పొడిగా కొట్టిందంటే పోగు పెళుసెక్కి ఊరికే తెగుతుంది. గాలిలో కాస్త తేమ ఉంటే నూలుకి బలం. మరీ ముసురు పడితే దూది ముద్దకట్టేసి ఏకడానికి లొంగదు. అందుకని పెద్దమ్మ లేవగానే గుమ్మంలోకొచ్చి, కొంగు వదులుగా పట్టుకుని గాలి ఎటుందో చూసేది. చెంప మీద గాలి తగలనిచ్చి, "ఇయ్యాల తూరుపు గాలి. మంచిదే" అనుకునేది. ఆ రోజున ఏ పని చెయ్యాలో, వడకాలో, దువ్వాలో, గాలే చెప్పేది.

నవంబరు, డిసెంబరు నెలల్లో మంచు కురిసే తెల్లవారుజాములంటే ఆమెకి ప్రాణం. గచ్చు చల్లగా ఉండేది. ఒంటికి పాత దుప్పటి చుట్టుకుని, గ్లాసుడు చోడి అంబలి పక్కన పెట్టుకుని కూర్చునేది. అంబలి చల్లారిపోయేది. తాగడం మరిచిపోయేది.

* * *

ఇప్పుడు చుక్కల సంగతి చెప్పాలి.

నడవ కప్పులో ఒక పెంకు పగిలి, రూపాయి కాసంత కన్నం ఉండేది. తాతయ్య దాన్ని మారుస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. వాన పడితే కింద గిన్నె పెట్టుకునేది గానీ కన్నం మూయనివ్వలేదు. మిట్టమధ్యాహ్నం అందులోంచి ఎండ ఒక బిళ్లలాగా ఉత్తరపు గోడ మీద పడేది. చలికాలంలో పొద్దు దక్షిణానికి ఒరిగి ఉంటుంది కనక ఆ బిళ్ల గోడ మీద పైకి, దాదాపు నా తల ఎత్తులో పడేది. సంకురాత్రి వెళ్లిన దగ్గర్నుంచి రోజురోజుకీ కిందికి దిగి, ఉగాది నాటికి గోడ వదిలేసి నేల మీదికొచ్చేది. ఎండాకాలమంతా నేల మీదే. మళ్లీ దసరాలు వెళ్లాక గోడెక్కడం మొదలు.

పండగ రోజున పెద్దమ్మ తమలపాకుల పళ్లెంలోంచి వేలికొసన సున్నం తీసుకుని, ఎండ బిళ్ల పడ్డ చోట చుక్క పెట్టేది. అదో సంకురాత్రి సుక్క, ఇదో రథసప్తమి సుక్క, అదిగో శివరాత్రి సుక్క. గోడంతా చుక్కలే. ఒక సంగతి నేనే కనిపెట్టాను. సంకురాత్రి చుక్క ప్రతి ఏడూ ఒకే చోట పడేది. పాత చుక్క మీదే కొత్త చుక్క. రథసప్తమి, శివరాత్రి చుక్కలు మాత్రం ఏడాదికోచోట పడేవి. పెద్దమ్మ లెక్క తప్పుతోందనుకున్నాను. బడిలో మేష్టారిని అడిగితే, సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ, మిగతావి చంద్రుడి తిథుల్ని బట్టి వచ్చేవి, అందుకే అలా అని చెప్పారు. ఇంటికి పరిగెత్తుకెళ్లి పెద్దమ్మకి చెప్తే, "మరి, సూరీడు మాట తప్పడు కదే" అంది, అదేమంత వింత అన్నట్టు.

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి కిరణాలు గర్భగుడి దాకా వెళ్లి స్వామి పాదాల మీద పడతాయి. ఒక అక్టోబరులో పెద్దమ్మ నన్ను తీసుకెళ్లింది. తొక్కిసలాట. మబ్బు పట్టింది, కిరణాలు కనబడలేదు. నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మకి ఏమీ అనిపించలేదు. "మనింట్లో పడతాయి కదే, పద" అని, మధ్యాహ్నం అయ్యేలోపు ఇంటికి తీసుకొచ్చేసింది.

* * *

మా పిన్నిని టెక్కలి వైపు ఇచ్చారు. వాళ్లూరికి తేలినీలాపురం దగ్గర. ఏటా వర్షాలు తగ్గే వేళకి అక్కడ చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాలతాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, వేసవి రాగానే వెళ్లిపోతాయి. ఊరి నడుమ చెట్లు అవి. కింద రెట్టలు, గూట్లోంచి జారిపడ్డ చేపముక్కలు, నీచు వాసన. ఎవరూ విసుక్కునేవారు కాదు. పురిటికొచ్చిన ఆడపడుచుల్ని చూసినట్టు చూసుకునేవారు.

ఒకసారి పిన్నిని చూడ్డానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ ఆ చెట్ల కింద కూర్చుంది. నేను ఆడుకుని, ఆకలేసి, అన్నం తినొచ్చి చూస్తే అక్కడే ఉంది. ఒక కొంగ ముక్కున పుల్ల పట్టుకొచ్చి గూట్లో పెట్టి, నచ్చక మళ్లీ తీసి ఇంకోచోట దూర్చేది. రెండో కొంగ ముక్కు రెండు ముక్కలూ టకటకమని కొట్టుకునేది. మగ్గం చప్పుడులా ఉండేది. పెద్దమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఇంటికి వచ్చే దారంతా బస్సులో ఒక్క మాట లేదు.

ఆ ఏడాది ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టాక తెలిసింది ఆమె ఏం చూసిందో. వాకిట్లో కళ్లాపి చల్లి, పదిహేను చుక్కల ముగ్గు పెట్టింది. మామూలు పద్మాలూ నెమళ్లూ కాదు. ఒంటికాలి మీద నిలబడి, మెడ ముడుచుకుని, ముక్కున పుల్ల పట్టుకున్న కొంగ. నాలుగు వైపులా నాలుగు కొంగలు, నాలుగు పుల్లలూ మధ్యలో కలిసి గూడు. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, ఏ పుస్తకంలోదీ కాదు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూశారు. బియ్యప్పిండి ముగ్గు కనక పదిగంటలయ్యేసరికి చీమలు కొంగ కాళ్లు లాక్కుపోయాయి. నాకు బాధేసింది. పెద్దమ్మ మాత్రం చీమల వరస ఎటు పోతోందో వంగి చూస్తూ నిలబడింది.

* * *

ఇదంతా తీపిగా రాస్తున్నాను గానీ, ఒక మాట చెప్పకపోతే పెద్దమ్మకి అన్యాయం చేసినట్టు. అంత పని చేస్తే చేతికొచ్చేది చాలా తక్కువ. నెలంతా వడికిన నూలు పట్టుకెళ్తే, కొనేచోట ఒకసారి సన్నం లావుల తేడా ఉందని సగం చిలపలు తిప్పి పంపేశారు. ఆ రోజు పెద్దమ్మ గాజుల చెయ్యి నుదుటికి ఆనించుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది. ఆ నెల్లో ఆమెకి జ్వరం, కళ్లు సరిగా ఆనలేదు. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. మా అమ్మ నన్ను రాట్నం ముట్టనివ్వకుండా చదివించింది అందుకే. అమ్మది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. ఆ చేతులకి దక్కాల్సినంత దక్కి ఉంటే, మా వీధిలో ఇంకా రాట్నాలు తిరుగుతూ ఉండేవి.

* * *

చదువుకున్నాను, విశాఖలో ఉద్యోగం చేశాను. అకౌంట్స్ సెక్షన్. మార్చి నెలొస్తే టెన్షన్, నిద్రపట్టదు. బీపీ వచ్చింది. డాక్టరుగారు మందులిచ్చి, రోజూ కాసేపు ప్రశాంతంగా కూర్చోమన్నారు. ఒక ధ్యానం క్లాసులో చేరాను. మంచివాళ్లు, శ్రద్ధగానే నేర్పారు. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమన్నారు. నాకు కుదరలేదు. కళ్లు మూస్తే చాలు, రేపు చెయ్యాల్సిన పనులన్నీ వరసకట్టేవి. ఒకరోజు క్లాసు అయ్యాక చూసుకుంటే, చీర కొంగు అంచులోంచి ఒక్కో పోగూ లాగి, వేళ్ల మధ్య పెట్టి మెలితిప్పుతున్నాను. అరగంట సేపు అదే పని చేసినట్టున్నాను. ఆ అరగంటలో ఆఫీసు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. టీవీ పెట్టలేదు, ఫోను పక్కగదిలో వదిలేశాను. కాయ తొడిమ విరిచి ఈనె లాగితే, తెగకుండా కొస దాకా వస్తే చిన్న చప్పుడు అవుతుంది. ముదురు కాయకి ఒకలా, లేతదానికి ఒకలా. ఏ కాయకి పురుగు పట్టిందో కళ్లకంటే ముందు వేలికి తెలుస్తుంది, తొక్క అక్కడ మెత్తబడి ఉంటుంది. లోపలి గింజలు కొన్ని ఆకుపచ్చ, కొన్ని ఊదారంగు, ఒకే చెట్టువి. అరకిలో చిక్కుడుకాయలకి ముప్పావుగంట పట్టింది. మావారు వచ్చి, "లైటేసుకోలేదేం?" అనేదాకా చీకటి పడిందని తెలియలేదు. పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికి ఆమెకి చెవులు సరిగా వినబడవు. "చిక్కుడుకాయలా? ఉల్లికారం పెట్టి ఒండు" అంది.

* * *

పెద్దకర్మ నాటి మధ్యాహ్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని నడవలోకి వెళ్లాను. పెంకులు పోయి స్లాబు పడి చాలా ఏళ్లయింది. కన్నం లేదు, ఎండ లేదు. ఉత్తరపు గోడ మాత్రం పాతదే, లేతాకుపచ్చ పెయింటు వేశారు. చుక్కలు ఒక్కటీ కనబడలేదు. గోడకి అరచెయ్యి ఆనించి అటూ ఇటూ రాశాను. నా చిన్నప్పటి తల ఎత్తెంతో గుర్తుచేసుకుని, అక్కడ ఇంకోసారి రాశాను. వేలికి తగిలింది. పెయింటు కింద, కందిబద్దంత బుడిపె. ఏటా ఒకేచోట పెట్టిన సున్నం పొరమీద పొర పేరుకుని గట్టిపడిపోయిన సంకురాత్రి చుక్క.

అన్నయ్యని పిలిచి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాను. వాడు చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

విశాఖ వచ్చాక మా బాల్కనీ గోడ మీద, సాయంత్రం నాలుగున్నరకి గ్రిల్లు సందులోంచి ఎండ పడేచోట సున్నంతో చుక్క పెట్టడం మొదలుపెట్టాను. మబ్బు లేని రోజుల్లో పెడుతున్నాను. ఇప్పటికి తొమ్మిదయ్యాయి, కొంచెం కొంచెంగా దక్షిణం వైపు జరుగుతున్నాయి. పక్క ఫ్లాట్ పాప రోజూ ఆ వేళకి వచ్చి నిలబడుతోంది. ఇవాళ చుక్క తనే పెట్టింది.

డబ్బాలోని గింజపత్తిలో కొంత వాలుగ దవడతో దువ్వాను. మొదట్లో అంతా ముద్దగా ఊడింది, ఆ ముద్దల్ని ఒత్తులు చేశాను. ఏడో గింజకి చిక్కు విడింది. నాలుగు గింజలు రాత్రంతా నానబెట్టి కుండీలో వేశాను. ఎన్నేళ్ల నాటి గింజలో ఏమో. ఇంకా మొలవలేదు. పొద్దున్నే లేచి, గాలి ఎటుందో చూసి, మట్టి ఆరిందేమో వేలితో తాకి చూస్తున్నాను.